గర్వము వేరు, రుగ్మత వేరు

కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టిన ప్రతి గ్రామమువారును తమ ప్రభయే మిన్నయని చెప్పుకొందురు. శివరాత్రి గడచిన పిమ్మట ఆ మాట చల్లబడును. ప్రక్క ఊరివారితో పొలము పనులు, వియ్యములు యథాప్రకారము సాగును. ఇది గర్వమే గాని వ్యాధి కాదు.

ఇటీవల నరసరావుపేట మొదలు మాచర్ల వరకు చదువుకొన్న ఇండ్లలో 'నార్సిసిస్టు' అను మాట వినబడుచున్నది. మాట వినని మామగారికిని, పొగడ్త కోరు అల్లునికిని అదే పేరు. నీటిలో తన నీడను చూచి మోహించిన యువకుని గ్రీకు కథనుండి పుట్టిన మాట యిది. తెలుగున ఆత్మరతి యనవచ్చును. అమెరికా మనోవైద్య సంఘము 1980లో దీనిని వ్యక్తిత్వ రుగ్మతలలో చేర్చినది.

ఆత్మరతి కొంత ప్రతి మనుష్యునందును ఉండును. పసివాడు తల్లి తననే చూడవలెనని కోరును. పదవి వచ్చినవానికి కొంతకాలము కన్ను కానరాదు. రుగ్మత అట్టిది కాదు. తాను అందరికంటె అధికుడనుకొనుట, ఎడతెగని పొగడ్త కోరుట, ఇతరులను తన పనికి వాడుకొనుట, పరుల బాధ పట్టకుండుట మొదలగు 9 లక్షణములలో కనీసము 5 ఉండవలెనని ఆ సంఘము చెప్పినది. లెక్క యొక్కటే చాలదు. అవి యౌవనారంభమునుండి ఇంటను, కొలువునను, స్నేహములందును స్థిరముగా నుండి బ్రతుకును చెడగొట్టుచుండవలెను.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమందలి మడివాలు మాచయ్య కథ ఇచట స్మరింపదగినది. తాను దాతనను భావము బసవేశ్వరునియందు పొడసూపగా మాచయ్య దానిని ఖండించెను. బిజ్జలుని దండనాయకుడు బట్టలుతుకు భక్తుని మాటకు తల వంచెను. గర్వము పుట్టినదా లేదా యనుట కాదు, మందలింపు తగిలినప్పుడు అది ఏమగుననుటయే చూడవలసినది. సామాన్యుడు అలుగును, నాలుగు దినములకు తప్పు గ్రహించును. రుగ్మత గలవానికి స్వల్పవిమర్శయు గాయమగును. పైకి ఆగ్రహము, లోపల సిగ్గు. అయినను ఈ యొక్క గుర్తుతో రోగనిర్ణయము చేయరాదు. అది మనోవైద్యుని పని. నాయకురాలు నాగమ్మ వంటి కథలోని వ్యక్తికే రోగము పేరు పెట్టుట తగనప్పుడు, ఇంటిలోనివారికి పెట్టుట యెట్లు తగును?

మఠములందు ఈ విచారము మరింత అవసరము. పాదపూజ లందుకొను స్వామికి ఎదురు చెప్పువారు అరుదు. మాచయ్యవంటివాడు ఒకడైనను దగ్గర నుండుట స్వామికే మేలు.

రుగ్మత యున్నను లేకున్నను, కొట్టుటయు అవమానించుటయు సహింపదగినవి కావు. 'ఆయన స్వభావమంతే' అని కోడలిని ఓర్చుకొమ్మనుట భక్తి కాదు, అన్యాయము. 2005 నాటి గృహహింస చట్టము ఆమెకు రక్షణ; 181 నంబరునకు ఫోను చేయవచ్చును.

ఈ రుగ్మతకు ప్రత్యేకమైన మందు లేదు. దీర్ఘకాలము సాగు మానసిక చికిత్సయే ప్రధానము. దిగులు తోడైనచో దానికి మందులు గలవు. గర్వమునకు చికిత్స కావలెనని ఎవ్వరును రారు. దిగులుతోనో, సంసారము చెదరియో వత్తురు. కనుక 'నీవు రోగివి' అనుటకంటె, 'నిద్ర పట్టుట లేదు గదా, ఒకసారి వైద్యుని చూతము' అనుట మేలు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ ఫోను 14416లో తెలుగుననే సలహా పొందవచ్చును. మొదట ఇంటివారే మాటాడినను సరిపోవును.