బంతి బండ పక్కన ఆగితే? గోల్ఫ్‌కి కొత్తవాళ్ళు తరచూ అడిగే ప్రశ్నలు

గోల్ఫ్ రూల్‌బుక్ అనగానే కొత్తవాళ్ళకి శిక్షల చిట్టా గుర్తొస్తుంది. తెరిచి చూస్తే అందులో మనకి దక్కే వెసులుబాట్లు బోలెడు. అవి తెలియకో, తెలిసినా పక్కవాళ్ళ ముందు అడగడానికి మొహమాటపడో పోగొట్టుకునే స్ట్రోకులు తక్కువేం కాదు. 1744లో స్కాట్లండ్‌లోని లీత్‌లో గోల్ఫర్లు రాసుకున్న తొలి నియమాలు పదమూడే. ఇప్పటి రూల్స్‌ని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ కలిసి తయారు చేస్తాయి. 2019లో వాటిని బాగా సులువు చేశారు, 2023లో ఇంకొన్ని సవరించారు. కింది జవాబులు స్ట్రోక్ ప్లేకి, అంటే ప్రతి దెబ్బనీ లెక్కపెట్టే ఆటకి సంబంధించినవి.

మెంబర్‌షిప్ లేకపోతే లోపలికి రానివ్వరా?

అది కోర్సుని బట్టి. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా కోర్సు, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలనుకున్నా ముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి: బయటివాళ్ళని ఏ రోజుల్లో ఆడనిస్తారు, హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయిని చెప్పే అంకె) సర్టిఫికెట్ కావాలా, క్యాడీని పెట్టుకోవడం తప్పనిసరా. బట్టల సంగతి కూడా అడిగితే మంచిది. కాలర్ లేని టీషర్టుకి రూల్‌బుక్‌లో పెనాల్టీ లేదు గానీ, క్లబ్బు గేటు దగ్గర ఉండొచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ బాధ తక్కువ. అక్కడ మునిసిపల్ కోర్సులకి కొదవ లేదు, డబ్బు కట్టి ఆడుకోవచ్చు. 2002, 2009 యూఎస్ ఓపెన్ జరిగిన న్యూయార్క్ బెత్‌పేజ్ బ్లాక్ కూడా ప్రభుత్వ కోర్సే. బాగా చేయి తిరిగినవాళ్ళే ఇక్కడ ఆడాలని మొదటి టీ దగ్గర బోర్డు మాత్రం పెట్టారు. ఇలాంటి కోర్సులకి ఒంటరిగా వెళ్తే ముక్కూమొహం తెలియని ముగ్గురితో కలిపి పంపడం మామూలే.

మా ఆయనా నేనూ ఒకే సెట్టుతో ఆడొచ్చా?

ప్రాక్టీసు రేంజ్‌లో నిక్షేపంగా ఆడొచ్చు. కోర్సు మీద, రూల్ ప్రకారం, అదే కోర్సులో ఆడుతున్న ఇంకొకరి స్టిక్ వాడకూడదు. అలాగని కొత్త సెట్టు కొనక్కర్లేదు. పద్నాలుగుకి మించకూడదన్నారు గానీ ఇన్ని ఉండి తీరాలని ఎక్కడా అనలేదు. ఒక వుడ్, మూడు నాలుగు ఐరన్లు, ఒక వెడ్జ్, ఒక పటర్ చాలు. పదిహేనోది బ్యాగులో పొరపాటున ఉన్నా తంటానే. 2001 బ్రిటిష్ ఓపెన్ చివరి రౌండ్‌లో ఇయన్ వూస్నమ్ రెండో టీ దగ్గరికి వచ్చాక చూసుకుంటే బ్యాగులో రెండు డ్రైవర్లున్నాయి. రెండు స్ట్రోకులు పోయాయి.

ఊపాను, తగల్లేదు. లెక్కేనా?

కొట్టాలనే ఊపారు కాబట్టి ఒకటి. ప్రాక్టీసు స్వింగ్ అయితే లెక్క లేదు. ఆడకముందే టీ మీంచి బంతి జారిపడినా లెక్క లేదు, మళ్ళీ పెట్టుకోండి. చాలామందికి తెలియనిది ఇంకోటుంది: తగలకుండా పోయిన ఆ దెబ్బ తర్వాత కూడా బంతి టీయింగ్ ఏరియాలోనే ఉంటే, పెనాల్టీ లేకుండా తీసి మళ్ళీ టీ మీద పెట్టి రెండో దెబ్బ కొట్టొచ్చు.

స్నేహితులు ‘మలిగన్ తీసుకో’ అంటారు. అంటే ఆ షాట్ లెక్కలోకి రాదు, ఇంకోటి కొట్టుకో అని. గల్లీ క్రికెట్‌లో ట్రయల్ బాల్ లాంటిదే అది. రూల్స్‌లో లేదు.

బంతి బండ పక్కన ఆగింది. జరుపుకోవచ్చా?

హైదరాబాద్‌లో ఆడేవాళ్ళకి ఇది నిత్య సమస్య. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: అడ్డుగా ఉన్నది సహజంగా ఉన్నదా, మనిషి కట్టిందా?

నేలలో పాతుకున్న బండ సహజమైనది. దానికి ఉచిత రిలీఫ్, అంటే పెనాల్టీ లేకుండా బంతి జరుపుకునే వీలు, లేదు. ఉన్నచోటి నుంచే కొట్టాలి, లేదంటే ‘అన్‌ప్లేయబుల్’ అని ఒక స్ట్రోక్ వేసుకోవాలి. పెనాల్టీ ఏరియాలో (పసుపు, ఎరుపు గుంజలతో గుర్తుపెట్టిన నీళ్ళలాంటి చోట) తప్ప కోర్సులో ఎక్కడైనా అలా అనే హక్కు మీదే, ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. అప్పుడు మూడు దారులు: ఇంతకుముందు కొట్టిన చోటికే వెళ్ళి కొట్టడం, హోల్‌నీ బంతినీ కలిపే గీత మీద వెనక్కి ఎంత దూరమైనా వెళ్ళి డ్రాప్ చేయడం, బంతి నుంచి రెండు స్టిక్‌ల పొడవు లోపు, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చేయడం. కొలతకి పటర్ కాకుండా బ్యాగులోని పొడవాటి స్టిక్‌నే లెక్కలోకి తీసుకుంటారు. రాతిని కొట్టి ఐరన్ వంచుకోవడం కంటే ఆ ఒక్క స్ట్రోక్ చవక.

విడిగా పడున్న రాయి సంగతి వేరు. అది ఎంత పెద్దదైనా తీసేయొచ్చు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ బంతికి ఓ పెద్ద బండ అడ్డొస్తే, పాతుకుని లేదని అధికారి ఒప్పుకోవడంతో ప్రేక్షకులు కలిసి దాన్ని దొర్లించేశారు. ఒక జాగ్రత్త: గ్రీన్ బయట మీరు రాయి తీస్తుంటే బంతి కదిలితే ఒక స్ట్రోక్ పెనాల్టీ, బంతిని మళ్ళీ అక్కడే పెట్టాలి.

పాత గోడ, సిమెంటు దారి, స్ప్రింక్లర్ మూత మనిషి కట్టినవి. అవి మీ నిలబడే తీరుకో, స్వింగ్‌కో, బంతి ఉన్న చోటుకో అడ్డమైతే పెనాల్టీ లేకుండా రిలీఫ్ దొరుకుతుంది. గోడ పది గజాల అవతల ఉండి, బంతి వెళ్ళే దారికి మాత్రమే అడ్డమైతే దొరకదు. రిలీఫ్ లెక్కపెట్టేది కూడా అడ్డం పూర్తిగా తొలగే, హోల్‌కి దగ్గర కాని, అతి దగ్గరి చోటు నుంచి. ఆ చోటు ముళ్ళపొదలో ఉన్నా సరే అదే. అందుకే బంతి ఎత్తే ముందు ఆ చోటు ఎక్కడుందో చూసుకోండి. కోర్సు సరిహద్దు గోడకి ఈ రిలీఫ్ వర్తించదు. కొన్నిటిని కోర్సులో భాగమని కమిటీ ప్రకటించొచ్చు కూడా. సెయింట్ ఆండ్రూస్ పదిహేడో హోల్ పక్కన రోడ్డు అలాంటిదే, దాని మీద పడితే రోడ్డు మీంచే కొట్టాలి.

డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి. నిటారుగా నిలబడినప్పుడు మోకాలు ఉండే ఎత్తన్న మాట. అంతకుముందు భుజం ఎత్తు నుంచి వేసేవాళ్ళు, 2019లో మార్చారు. నేలని తాకేముందు బంతి ఒంటికి తగలకూడదు. రెండుసార్లు డ్రాప్ చేసినా అనుమతించిన హద్దు దాటి దొర్లిపోతే, రెండోసారి నేలని తాకిన చోట చేత్తో పెట్టేయొచ్చు.

బంతి దగ్గర పాము ఉంటే? కుక్క ఎత్తుకెళ్తే?

పాము, తేనెటీగలు, కుట్టే చీమలు దగ్గర్లో ఉంటే పెనాల్టీ లేకుండా అడ్డం లేని చోట డ్రాప్ చేయొచ్చు. ప్రాణానికి తెగించి ఆడమని ఏ రూలూ చెప్పదు. ముళ్ళపొదకి మాత్రం ఈ దయ లేదు.

ఆగి ఉన్న బంతిని కుక్కో కోతో ఎత్తుకెళ్తే, అంతకుముందున్న చోట పెట్టి ఆడాలి, పెనాల్టీ లేదు. అయితే ఎత్తుకెళ్ళిందని దాదాపు ఖాయంగా తెలియాలి. వెతికి వెతికి విసిగిపోయాక ‘కోతే తీసుకెళ్ళుంటుంది’ అంటే చెల్లదు.

బంతి దొరకలేదు. ఎంతసేపు వెతకొచ్చు?

మూడు నిమిషాలు. ఆ తర్వాత బంతి పోయినట్టే. తెల్ల గుంజలు దాటితే అవుట్ ఆఫ్ బౌండ్స్. రెంటికీ విధి ఒకటే: ఒక స్ట్రోక్ వేసుకుని, ముందు కొట్టిన చోటికే వెళ్ళి మళ్ళీ కొట్టడం. అంత దూరం వెనక్కి నడవకుండా ఉండాలంటే, అనుమానం వచ్చిన వెంటనే ‘ప్రొవిజనల్ కొడుతున్నా’ అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టండి. చెప్పకుండా కొడితే ఆ రెండోదే అసలు బంతైపోతుంది, మొదటిది కళ్ళెదుట దొరికినా లాభం లేదు. కొన్ని కోర్సుల్లో లోకల్ రూల్ ఉంటుంది: రెండు స్ట్రోకులు వేసుకుని, బంతి పోయిన చోటుకి దగ్గర్లో ఫెయిర్‌వే అంచున డ్రాప్ చేయొచ్చు. కొత్తవాళ్ళకి ఇది వరం. ఉందో లేదో స్కోర్‌కార్డు వెనక చూడండి.

నీళ్ళలో పడితే?

ఒక స్ట్రోక్. గుంజలు పసుపైతే, ముందు కొట్టిన చోటికో, హోల్‌నీ బంతి హద్దు దాటిన చోటునీ కలిపే గీత మీద వెనక్కో వెళ్ళాలి. ఎరుపైతే ఇంకో దారి కూడా ఉంది: బంతి హద్దు దాటిన చోటు నుంచి రెండు స్టిక్‌ల పొడవు లోపు, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్.

బంకర్‌లో ఏం ముట్టుకోకూడదు?

బంతికి ముందూ వెనకా ఇసుకని స్టిక్‌తో తాకకూడదు. ప్రాక్టీసు స్వింగ్‌లోనూ, వెనక్కి ఎత్తేటప్పుడూ తాకకూడదు. తాకితే రెండు స్ట్రోకులు. ఆకులు, పుల్లలు, రాళ్ళు తీయొచ్చు. ఎన్ని కొట్టినా బయటికి రాకపోతే రెండు స్ట్రోకులు వేసుకుని బంకర్ వెనక డ్రాప్ చేసే హక్కుంది. సరిగ్గా ఏడిపించే బంకర్ తగిలినప్పుడే ఇది ఎవరికీ గుర్తురాదు. ఆడాక రేక్‌తో ఇసుక చదును చేసి రండి.

వెనక గ్రూపు వాళ్ళు విసుక్కుంటున్నారు. నేను చెడ్డగా ఆడుతున్నందుకా?

కాదు, నెమ్మదిగా ఆడుతున్నందుకు. గోల్ఫ్ కోర్సులో చెడ్డ ఆటని అందరూ క్షమిస్తారు, అందరూ ఒకప్పుడు అలా ఆడినవాళ్ళే. తమ వంతు వచ్చాక నలభై సెకన్లలోపు కొట్టడం రూల్స్ ఇచ్చే సూచన. మీ ముందు ఖాళీ ఉండి, వెనకవాళ్ళు ఆగి నిలబడితే పక్కకి జరిగి ‘మీరు వెళ్ళండి’ అనండి, అదే మర్యాద. సరదా ఆటలో ఒక హోల్ మీద లెక్క తప్పేంత కొట్టాక బంతి జేబులో వేసుకుని తర్వాతి టీకి నడవండి.

అలాగని వాళ్ళకి మీ మీదికి బంతి కొట్టే హక్కు లేదు. మీరు దూరం వెళ్ళేదాకా ఆగాల్సిందే. బంతి ఎవరి వైపైనా వెళ్తే ‘ఫోర్!’ అని గట్టిగా అరవాలి. మీకు ఆ అరుపు వినబడితే తల తిప్పి చూడకండి, చేతులు తలకి అడ్డం పెట్టుకుని వంగండి.

పక్కాయన ప్రతి షాట్‌కీ సలహా ఇస్తున్నారు. ఏం చేయాలి?

దీన్ని దాటి రాని కొత్తవాళ్ళు అరుదు. పోటీలో ఆయన మీకు ఏ స్టిక్ వాడాలో, ఎలా కొట్టాలో చెప్తే రెండు స్ట్రోకులు పడేది ఆయనకే. మీరు అడిగితే మీకూ పడతాయి. దూరం ఎంతో, రూల్ ఏమిటో అడగడం సలహా కిందికి రాదు. ఏ సలహా అయినా మీ క్యాడీని అడగొచ్చు. సరదా ఆటలో మాత్రం ఆయన్ని ఆపే రూలేదీ లేదు. ‘ఆట అయ్యాక రేంజ్‌లో చూపించండి సార్’ అంటే నొచ్చుకోకుండా ఊరుకుంటారు, చాలావరకు.

ఎర్ర టీలు ఆడవాళ్ళవేనా?

రూల్స్‌లో టీలకి ఆడా మగా లేదు. 2011లో అమెరికాలో ‘ముందు టీల నుంచి ఆడండి’ అని ప్రచారమే చేశారు. కొత్తగా మొదలుపెట్టిన మగవాళ్ళు ఎర్ర టీల నుంచి ఆడితే బంతులు తక్కువ పోతాయి, వేళకి ఇంటికీ వెళ్తారు.

హ్యాండిక్యాప్ ఎలా వస్తుంది? స్కోర్‌కార్డులో తప్పు పడితే?

ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌కి అనుబంధంగా ఉన్న క్లబ్బు ద్వారా. తొమ్మిది, పద్దెనిమిది హోళ్ళ రౌండ్లు కలిపి 54 హోళ్ళ స్కోర్లు ఇస్తే తొలి అంకె వస్తుంది. గరిష్ఠం 54.0, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే. కాబట్టి ‘ఇంకాస్త బాగుపడ్డాక తీసుకుంటా’ అని ఆగనక్కర్లేదు.

పోటీలో కార్డు మీద సంతకం పెట్టే ముందు ఒక్కో హోల్ అంకెనీ మీ స్కోర్ రాసినవాళ్ళతో సరిచూసుకోండి. 1968 మాస్టర్స్‌లో రొబెర్టో డి విసెంజో పదిహేడో హోల్‌లో మూడు కొట్టాడు, కార్డులో నాలుగని పడింది, చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే ఖాయం అన్నది రూల్. ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు. తక్కువ రాసి సంతకం పెడితే మామూలుగా పోటీ నుంచే తీసేస్తారు. మొత్తం కూడిక తప్పితే మాత్రం మీ తప్పు కాదు, అది కమిటీ పని. 2023 నుంచి కార్డు మీద హ్యాండిక్యాప్ వేసే బాధ్యతా వాళ్ళదే.