అరకు ఐటీఐ నుంచి డేటా సెంటర్ దాకా

విశాఖలో డేటా సెంటర్లు వస్తున్నాయని పేపర్లో చదివి అరకు, అనంతగిరి, పాడేరు వైపు పిల్లలు అడిగే మొదటి మాట, "మాకు కోడింగ్ రాదు కదా, అక్కడ మాకేం పని?" అని. పని ఉంది. ఎలాంటి పనో అర్థం కావాలంటే ఒక కంపెనీ నడిచిన దారి కాస్త తెలియాలి.

2025 అక్టోబరు 12న సిఫీ సంస్థ విశాఖలో ఒక డేటా సెంటర్‌కూ, సముద్రం అడుగున వచ్చే కేబుల్ ఒడ్డెక్కే స్టేషన్‌కూ శంకుస్థాపన చేయించింది. రెండు రోజులకే గూగుల్ అదే నగరంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. గూగుల్ ఎవరో అందరికీ తెలుసు. సిఫీ సంగతి చెబుతాను. 1995లో సత్యం కంప్యూటర్స్ నీడన సత్యం ఇన్ఫోవేగా పుట్టింది. 1998 నవంబరులో ప్రభుత్వం ఇంటర్నెట్ సర్వీసులోకి ప్రైవేటువాళ్లను రానిచ్చిన వెంటనే కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. మన ఇంటర్నెట్ కంపెనీల్లో అక్కడికి వెళ్లిన మొదటిది అదే. ఆ ఊపులో ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనేందుకు బేరం కుదుర్చుకుంది. డాట్‌కామ్ బుడగ పగిలాక ఆ విలువలో చాలా భాగం లెక్కల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. ఐవే పేరుతో పట్నాల్లో తెరిచిన నెట్ సెంటర్లూ కాలక్రమంలో పోయాయి.

డేటా సెంటర్లు, ఊళ్లను కలిపిన కేబుళ్లు మాత్రం నిలిచాయి. ఆంధ్రా నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీరు రాజు వేగేశ్న 2005లో సిఫీలో సత్యం వాటా కొన్నారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడేనాటికి సిఫీ ఆ ఇంటిది కాదు. కరెంటు, చల్లదనం, తీగ: ఈ మూడూ చూసే పని యజమాని మారినా, వ్యాపారం మారినా ఆగలేదు. మన పిల్లలు పట్టుకోవాల్సింది ఆ పనినే అని నా గట్టి నమ్మకం.

డేటా సెంటర్‌లో రాత్రింబవళ్లు నడిచే సర్వర్లకు ఒక్క క్షణం కూడా కరెంటు పోకూడదు. గ్రిడ్ పడిపోగానే యూపీఎస్ బ్యాటరీలు భారం ఎత్తుకుంటాయి, ఈలోగా డీజిల్ జనరేటర్లు లేస్తాయి. సర్వర్ల వేడిని చిల్లర్లు లాగేస్తాయి. ఇవన్నీ చూసుకునేది ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్, డీజిల్ మెకానిక్. ఐటీఐలో చెప్పే ట్రేడ్లే ఇవి. ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జి దాకా దారి ఉంటుంది. ప్రకటనల్లో డేటా సెంటర్ టెక్నీషియన్ అనే కాక, ఫెసిలిటీ టెక్నీషియన్, షిఫ్ట్ టెక్నీషియన్ అని కూడా వేస్తారు. ఆ పేర్లతోనూ వెతకండి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తయినవాళ్లు వైర్‌మన్ పర్మిట్ తీసుకోండి. ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేయండి, అది ఫ్యాక్టరీ అయినా ఆసుపత్రి అయినా సరే. జనరేటర్, యూపీఎస్ ఉన్నచోట చేతులు మసి చేసుకున్నవాడికి ఇంటర్వ్యూలో మాట తడబడదు. గంటగంటకూ వోల్టేజీ, ఉష్ణోగ్రత చూసి లాగ్‌బుక్‌లో రాయడం ఈ కొలువులో సగం. చూడకుండా నింపే అలవాటు ఇక్కడ పనికిరాదు. లాగ్‌బుక్‌లోని అంకెల మీదే రాత్రి డ్యూటీ మొత్తం ఆధారపడుతుంది.

కొండ దిగడం ఇష్టం లేనివాళ్లకు ఫైబర్ పని ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఘాట్‌లో చెట్టు కూలితే స్తంభంతోపాటు తీగా పోతుంది. వెంట్రుకంత గాజుపోగును స్ప్లైసింగ్ మిషన్‌లో అతికించడం, పన్నెండు రంగుల వరుస తప్పకుండా కలపడం, తెగింది ఎన్నో కిలోమీటరు దగ్గరో ఓటీడీఆర్ అనే పరికరంతో పట్టుకోవడం నేర్చుకోగలిగిన విద్యలే. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలిసిన మనిషి దొరికితే కాంట్రాక్టరు వదులుకోడు. కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడగలిగితే ఊళ్లలో పని ఇంకా సులువు.

చేరేముందు మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఈ పని కట్టడం పూర్తయ్యేదాకానా, ఆ తరవాత కూడానా? కట్టేటప్పుడు వేలమంది కావాలి, నడిపేటప్పుడు కొద్దిమందే. జీతం కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టరు ఇస్తాడా? పీఎఫ్ యూఏఎన్ నంబరు ఎప్పుడిస్తారు? జీతం 21,000 లోపయితే ఈఎస్‌ఐ ఉందా? రాత్రి షిఫ్ట్‌కు బండి, గది ఎవరిది? ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీకి రూపాయి కూడా ఇవ్వకండి. అమ్మ కాఫీ గింజలు అమ్మి దాచిన డబ్బు అలా పోవడం నేను చూశాను, ఆ ఇంటి ముందు నిలబడలేకపోయాను.

పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయేమో ఇవాళే చూసుకోండి. తేడా ఉంటే కొండ మీద ఉండగానే సరిచేయించుకోండి. కొలువు ఖాయమయ్యాక వెరిఫికేషన్‌లో ఆగిపోయినవాళ్లు ఉన్నారు. పగటిపూట కిరండూల్ ప్యాసింజర్‌ను నమ్ముకుంటే రాత్రికిగానీ విశాఖ చేరరు. ఉదయం ఇంటర్వ్యూ అంటే ముందురోజే దిగి, ఎవరింట్లో పడుకుంటారో ముందే చెప్పి ఉంచండి.