విడిచిన అంశం – వక్రించిన నిర్ణయం

తెలుగు పాఠం చెప్పేవానికి సాంఖ్యక శాస్త్రంతో పనేమిటని విద్యార్థులు అడుగవచ్చును. వాక్యంలో అసలు కర్తను దాచితే పని మరొకరి పేర చెల్లుతుంది. లెక్కలోనూ అంతే.

పాలకొల్లు పరిసరాలనే చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి ఈ డెల్టా పంటకు కాలువ నీరే ప్రాణం. నీరు తప్పక అందే చేనుకే రైతు ధైర్యంగా ఎరువు వేస్తాడు. దిగుబడిని ఎరువుతో మాత్రమే ముడిపెట్టి గణిస్తే, నీటి ఫలం కూడా ఎరువు ఖాతాలో పడుతుంది. రిగ్రెషన్, అనగా ప్రతిగమన విశ్లేషణలో, దీనినే విడిచిన చలరాశి వలన కలిగే అభినతి అంటారు. విడిచిన అంశం ఫలితాన్ని మార్చగలగాలి. లెక్కలో చేర్చిన అంశంతోనూ సంబంధం కలిగి ఉండాలి. ఈ రెండూ కూడినప్పుడే ఈ దోషం పుడుతుంది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 60.5 శాతం, రాష్ట్రంలోని ముస్లింలలో 68 శాతం. తేడా 7.5. ఇక వారి చదువుకు ప్రత్యేక శ్రద్ధ అనవసరమని ఎవరైనా తేల్చివేయవచ్చును. కాని ఇక్కడ నివాసం అనే అంశం జారిపోయింది. నాడు రాష్ట్ర జనాభాలో పట్టణవాసులు సుమారు 27 శాతం; ముస్లింలలో సుమారు 58 శాతం. పట్టణాలలో అక్షరాస్యత 76.1 శాతం, గ్రామాలలో 54.5 శాతం; అంటే తేడా 21.6. దీనిని పట్టణవాసంలోని నూటికి 31 తేడాతో హెచ్చిస్తే 6.7 వస్తుంది. 7.5లో అది పోగా మిగిలేది ఒకటికన్నా తక్కువ! కనిపించిన ఆధిక్యంలో అధికభాగం పట్టణవాసానిదే.

చికిత్స ఏమిటి? విడిచిన అంశాన్ని కొలిచి లెక్కలో చేర్చాలి. కొలత దొరకనిచో, పై రెండు సంబంధాల దిశను విచారించాలి. రెండూ ఒకే దిశలో ఉంటే ఫలితం ఉన్నదానికన్నా పైకి జరుగుతుంది. ఎదురుగా ఉంటే క్రిందికి జరుగుతుంది. అయితే దొరికినదెల్లా చేర్చరాదు. చదువు వలన వచ్చిన ఉద్యోగాన్ని ఆ చదువుకే కారణంగా చూపుట మరొక పొరపాటు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థుల మార్కులను పోల్చునపుడు, ఇంట చదివించేవారున్నారా, సాయంత్రం దుకాణంలో పని ఉన్నదా అనికూడ విచారించండి. ఆ ప్రశ్నలు విడిచిన పట్టిక ఒక భాషను నిష్కారణంగా దోషిగా నిలబెట్టవచ్చును.