మోకాలు మెలిపడితే: ఎమ్మారైకి ముందూ తర్వాతా

సంక్రాంతి కబడ్డీలో పాదం నేలకు పట్టేసి ఒళ్లు తిరిగినా, అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోస్తూ కాలు మెలిపడినా మోకాలి లిగమెంటు తెగొచ్చు. 2025 జులైలో విశాఖ క్రికెటర్ నితీశ్‌కుమార్ రెడ్డి ఇంగ్లండ్‌లో చివరి రెండు టెస్టులకు దూరమైందీ ఎడమ మోకాలి గాయంతోనే.

చేయవలసినవి

ఆట వెంటనే ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. పాదం చల్లబడినా, పాలిపోయినా స్కాన్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. అది రక్తనాళం సంగతి కావచ్చు.

ఎమ్మారైకి వెళ్లేటప్పుడు ఎక్స్‌రే కూడా పట్టుకెళ్లండి. ఏసీఎల్ (మోకాలి లోపలి ముందు లిగమెంటు) తెగినప్పుడు మోకాలి కింది ఎముక బయటి అంచున ఊడే చిన్న పెచ్చు ఎమ్మారైలో కంటే ఎక్స్‌రేలోనే బాగా కనిపిస్తుంది. ఫ్రెంచి సర్జన్ పాల్ సెగాండ్ దాన్ని 1879లోనే వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనే లేదు, 1895 దాకా ఆగాలి!

పేస్‌మేకర్, చెవిలో ఇంప్లాంటు, మెదడులో క్లిప్పు ఉంటే ముందే చెప్పాలి. మొలతాడు, తాయెత్తు, మట్టెలు, ముక్కుపుడక తీసేయాలి. సూత్రాలకు గుచ్చిన పిన్నీసులు చాలామందికి గుర్తుండవు.

చేయకూడనివి

స్కాన్ జరగనప్పుడూ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. తోడు వచ్చినవాళ్లు ఇనుప వస్తువేదీ లోపలికి తీసుకెళ్లకూడదు. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరుతో ఎమ్మారై గదిలోకి వెళ్లిన రోగి బంధువు ప్రాణమే పోయింది.

నూనె మర్దనా, పసరు కట్టూ వద్దు.

రిపోర్టు వాట్సాప్‌లో పంపి ఆపరేషన్ కావాలా అని అడగొద్దు. ఎమ్మారైలో ఆరోగ్యంగా ఉన్న ఏసీఎల్ ఏటవాలు నల్ల పట్టీలా కనిపిస్తుంది. తెగితే పట్టీ మధ్యలో ఆగిపోతుంది, లేదా తెల్లగా ఉబ్బి వాలిపోతుంది. తొడ ఎముక బయటి గుండులో, కింది ఎముక వెనుక అంచులో కమిలిన మచ్చలుంటే ఆ రెండూ ఢీకొన్నాయని అర్థం. కింది ఎముక 7 మిల్లీమీటర్లకు మించి ముందుకు జరిగినా రేడియాలజిస్టు అనుమానం గట్టిపడుతుంది. అయితే ఆ మచ్చలు కొన్ని నెలల్లో మాయమవుతాయి. సగం తెగిన లిగమెంటు విషయంలో ఎమ్మారై కూడా పొరబడుతుంది. అందుకే ఆర్థోపెడిక్ డాక్టరు కాలిని చేత్తో ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్ష తప్పనిసరి. వాపు వల్ల మొదటిరోజు తేలకపోతే వాపు తగ్గాక మళ్లీ చూపించుకోవాలి.

మోకాలు మడతలో బిగిసి చాపలేకపోతే బలవంతంగా లాగొద్దు. చిరిగిన మెనిస్కస్ (కీలులోని మెత్తటి దిండులాంటి మృదులాస్థి) మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు.