హాస్టల్ గదిలో మందుల డబ్బా

మా డిగ్రీలో ఆరోగ్యం, పరిశుభ్రత మీద ఒక చిన్న పేపరు ఉంది. మార్కులు తక్కువ కాబట్టి దానికి మర్యాదా తక్కువే. విటమిన్ల పట్టికా, అవి లోపిస్తే వచ్చే జబ్బుల పట్టికా బట్టీ పడితే గట్టెక్కేయొచ్చని సీనియర్ అక్కలు మొదటి రోజే చెప్పేస్తారు. నిజంగానే గట్టెక్కుతాం. కానీ రాత్రి రెండింటికి పక్క మంచం మీద అమ్మాయి జ్వరంతో వణుకుతుంటే, సి విటమిన్ లోపిస్తే స్కర్వీ వస్తుందన్న జవాబుతో చేసేదేమీ ఉండదు.

అప్పుడు బయటికొచ్చేది మందుల డబ్బా. ఖాళీ అయిన స్వీట్ల డబ్బానో, పాత జామెట్రీ బాక్సో. అందులో సగం వాడిన స్ట్రిప్పులు, పేరు చిరిగిపోయిన క్రీములు, ఎవరిదో తెలియని దగ్గు మందు. "మా అక్క ఇదే వేసుకుంది, పొద్దున్నకి తగ్గిపోయింది" అన్నదే ప్రిస్క్రిప్షన్. ఆ పేపరు చదివాక నాకు మిగిలిన జ్ఞానమంతా ఈ డబ్బా చుట్టూనే తిరుగుతోంది. ఈ ఏడాది కొత్తగా హాస్టల్‌కి వస్తున్న చెల్లెళ్ల కోసం రాస్తున్నాను. తమ్ముళ్లూ చదవొచ్చు, వాళ్ల డబ్బాలు ఇంకా అధ్వానం.

జ్వరం వస్తే

ప్యారాసిటమాల్ వేసుకోవచ్చు. అయితే స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవాలి. 500 మిల్లీగ్రాములా, 650నా? ఒక మాత్రకీ ఇంకో మాత్రకీ కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఎడం ఉండాలి. పెద్దవాళ్లకైనా 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోల లోపు ఉన్నవాళ్లకు అంతకన్నా తక్కువే. మా హాస్టల్లో సగం మంది ఆ కోవలోకే వస్తారు. అసలు చిక్కు జలుబు మాత్రల దగ్గర. ముక్కు కారకుండా అని మెడికల్ షాపులో ఇచ్చే చాలా మాత్రల్లో ప్యారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకి ఒకటి, ఒళ్లు నొప్పులకి ఇంకొకటి అనుకుంటూ ఒకే మందుని మూడు పేర్లతో మింగుతాం. దాని భారమంతా కాలేయం మీద పడుతుంది.

వానాకాలంలో వచ్చిన జ్వరానికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. అది డెంగ్యూ అయితే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. డెంగ్యూ గురించి మాకు క్లాసులో చెప్పినవాటిలో అందరూ నోట్సు రాసుకున్న మాట ఒకటుంది: జ్వరం తగ్గగానే గండం గడిచినట్టు కాదు. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, వేడి దిగిపోతున్న సమయంలోనే పరిస్థితి తిరగబడవచ్చు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నాలుగైదు గంటలైనా మూత్రం రాకపోవడం, మనిషి మగతగా ఉండటం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బొప్పాయి ఆకు రసం తాగుతున్నాం కదా అని రక్త పరీక్ష వాయిదా వేయకండి.

డెంగ్యూని మోసే దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. బాత్రూంలో నింపి వదిలేసిన బకెట్లు, కూలర్ అడుగున నీళ్లు, కిటికీలో మనీ ప్లాంట్ సీసా దానికి చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి అన్నీ వంచేయమంటారు. శుక్రవారం డ్రై డే అని ఊళ్లలో చెప్పేది ఇదే.

యాంటీబయాటిక్ గురించి రెండు ముక్కలు. మామూలు జలుబుకి అది పనిచేయదు. డాక్టరు రాస్తే చెప్పినన్ని రోజులూ వాడాలి. మిగిలిందని దాచి ఇంకొకరికి పంచకూడదు.

వాంతులు, విరేచనాలు

హాస్టల్ సాంబారుని తిట్టుకోవడానికి తర్వాత తీరిక దొరుకుతుంది. ముందు ఓఆర్ఎస్ కలపండి. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లకు, చిన్నదైతే 200 మిల్లీలీటర్లకు అని దాని మీదే రాసి ఉంటుంది. మేమంతా చేసే పని మాత్రం వేరు: లీటరు ప్యాకెట్‌లోంచి కాస్త పొడి గ్లాసులో ఒంపి, మూతి మడిచి రబ్బరు బ్యాండు వేయడం. అలా కలిపితే ఉప్పూ చక్కెరా పాళ్లు తప్పుతాయి. లీటరు సీసాలో మొత్తం పొడి ఒకేసారి పోసి, కొంచెం కొంచెంగా తాగుతూ, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి.

ఇంకో సంగతి. ఓఆర్ఎస్ అన్న అక్షరాలు కనిపించిన డబ్బా అల్లా ఓఆర్ఎస్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. పళ్ల రుచులతో టెట్రా ప్యాకుల్లో అమ్మిన పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీళ్లు లాగి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ ఫార్ములా పాటించని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఒక డాక్టరమ్మ లేబుల్ చదవడంతో మొదలైన పోరాటం అది. మనం షాపులో నిలబడి ప్యాకెట్ వెనక వైపు చదవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

రక్తం తక్కువ

మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అంటే నలుగురున్న గదిలో ఇద్దరికి పైనే. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కునుకు, జుట్టు రాలడం - వీటికి మనం బద్ధకమనీ, బోరు నీళ్లనీ పేర్లు పెట్టుకుంటాం. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చేస్తారు. 12 కన్నా తక్కువ ఉంటే డాక్టరుని అడగాలి.

బడిలో వారానికోసారి ఇచ్చిన నీలం మాత్ర గుర్తుందా? చాలామందిమి నోట్లో వేసుకున్నట్టు నటించి కిటికీలోంచి విసిరేసిన మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ని పొట్టన పెట్టుకుంది, ఆయన్నీ పీడించింది. ఆ జబ్బుకి ఫోలిక్ యాసిడ్ మందయింది. ఈ సంగతి బడిలోనే చెప్పి ఉంటే కొన్ని మాత్రలైనా కిటికీ దాటేవి కావేమో.

ఐరన్ మాత్ర తిన్న తర్వాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. మలం నల్లగా వస్తే కంగారు వద్దు, అది మామూలే. టీ, కాఫీలకు మాత్రం ముందూ వెనకా గంటైనా ఎడం ఇవ్వాలి. అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. టిఫిన్ అవగానే టీ తాగే మా అందరికీ ఇది చేదు వార్తే. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, ఉసిరికాయ పచ్చడి వేసుకోవడం మంచి పద్ధతి. వాటిలోని సి విటమిన్ ఐరన్‌ని ఒంటికి పట్టిస్తుంది. బట్టీ పట్టిన పట్టిక ఇక్కడ అక్కరకొచ్చింది.

నెలసరి, ముఖం క్రీములు

ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి, తడవకపోయినా సరే. నొప్పికి వేడి నీళ్ల సంచి, డాక్టరు చెప్పిన మాత్ర వాడుకోవచ్చు. నెలనెలా క్లాసు మానేసేంత నొప్పి అయితే "ఆడపిల్లలకి ఇది మామూలే" అని ఎవరన్నా వినకండి, చూపించుకోండి.

ఇంట్లో వ్రతమో, తిరుపతి ప్రయాణమో ఉందని నెలసరి వాయిదా వేసే మాత్రలు షాపులో అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు. అవి హార్మోన్లు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకీ, కొన్ని రకాల మైగ్రేన్, కాలేయ జబ్బులు ఉన్నవాళ్లకీ ప్రమాదకరం. డాక్టరు మన చరిత్రంతా అడిగి ఇవ్వాల్సిన మందు అది.

ముఖం తెల్లబడుతుందనో, తామర తగ్గుతుందనో చేతులు మారే క్రీముల ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే ముట్టుకోకండి. అవి స్టెరాయిడ్లు. మొదటి వారం ముఖం నిగనిగలాడుతుంది, మానేస్తే ఎర్రబడి మండుతుంది. తామర కూడా తగ్గినట్టే తగ్గి ఇంకా పాకుతుంది.

రాడ్, కుక్క

చలికాలంలో హాస్టల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది వైరస్ కాదు, బకెట్లో వేలాడే హీటర్ రాడ్. ఇనుప బకెట్, స్టీలు బకెట్ వద్దు. రాడ్‌ని నీళ్లలో ఉంచాకే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి. ఈ వరుస తప్పడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టి లాగవద్దు. ముందు మెయిన్ ఆపాలి. మనిషిలో చలనం లేక, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

కాలేజీ గేటు దగ్గర కుక్క కరిచినా, గీరినా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి ఏవీ రాయకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికి, నాలుగైదు విడతల్లో ఇస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమా అని మీరే అడగండి. మధ్యలో ఒక్క విడత కూడా మానకూడదు.

మనసు

మా సిలబస్‌లో దీనికి దక్కింది ఒకటిన్నర పేజీ. పరీక్షల ముందు నైట్ అవుట్లు కొట్టడం గొప్ప అనుకుంటాం. నిద్రలేకుండా చదివింది తలలో నిలవదు, సాయంత్రం తాగిన కాఫీ అర్ధరాత్రి దాకా వదలదు. ఇది చిన్న విషయం, సర్దుకోవచ్చు. పెద్ద విషయం వేరే ఉంది. రూమ్మేట్ మెస్‌కి రావడం మానేసినా, తన వస్తువులు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట అన్నా, దాన్ని డ్రామా అని కొట్టిపారేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. "మాకు లేవా కష్టాలు" అని ఉపన్యాసం ఇవ్వకుండా వినండి. ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా సరే, వార్డెన్ మేడమ్‌కో ఇంట్లోవాళ్లకో చెప్పాల్సిందే. అలా ఒట్టు తప్పినందుకు ఏ దేవుడూ ఏమీ అనడు.

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, 108 పక్కనే.