ముందు కొలత, తర్వాత బేరం: పాత పికప్‌కు సైలెన్సర్ లైను వేయించుకునే తీరు

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల లోడ్లు తిప్పే పికప్పులకు సైలెన్సర్ ఎక్కువ కాలం ఆగదు. ట్రేలలోంచి కారే ఉప్పునీరు, కరిగిన ఐసు బాడీ సందుల్లోంచి జారి వేడి గొట్టం మీద పడతాయి. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే పేరుకుంటుంది. పదేళ్లు దాటిన బొలెరో పికప్ ఒకటి అలాంటి పనిలో ఉంటే, ఏదో ఒక తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే వీధంతా నిద్ర లేస్తుంది. ఓనరు నేరుగా ఆటోనగర్ వెళ్లి “అన్నా, పికప్ సైలెన్సర్ ఒకటి ఇవ్వు” అంటాడు. కొట్టతను “ఏ మోడల్? డీఐ నా, సీఆర్‌డీఐ నా? డబ్బా ఒకటేనా, పైపు కూడానా?” అని అడుగుతాడు. చాలామంది ఆ మూడు ప్రశ్నల దగ్గరే ఆగిపోతారు. వాటికి జవాబు కొట్లో దొరకదు, బండి కింద దొరుకుతుంది.

కాబట్టి మొదటి పని బండి కింద దూరడమే. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, టార్చి పట్టుకుని ముందు నుంచి వెనక్కి వరసగా చూడాలి: మేనిఫోల్డు, దానికి అంటుకున్న టర్బో, అక్కడి నుంచి కిందికి వంగే బెండు పైపు, జాలీ అల్లికతో ఉండే ఫ్లెక్సిబుల్ ముక్క, మోడల్‌ను బట్టి క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ డబ్బా, చివరి తోక పైపు. డీజిల్ బండికి ఒక సౌకర్యం ఉంది. లీకున్న ప్రతి చోటా మసి తనంతట తానే గీత గీసి చూపిస్తుంది. జాయింటు పక్కన నల్లగా విసనకర్ర ఆకారంలో మరక కనిపిస్తే గ్యాస్కెట్ పోయినట్టే. తర్వాత స్పానరుతో డబ్బా మీద మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, లోపల తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కితే సంగతి తేలిపోతుంది.

ఆ తర్వాత మనిషినొకణ్ణి పెట్టి ఇంజను స్టార్ట్ చేయించి, మందపాటి తడిగుడ్డతో తోక పైపు మూతిని రెండు మూడు సెకన్లు మూయించండి. మీరు మాత్రం బండి పక్కన నిలబడి చెవి పెట్టండి, కింద పడుకోవద్దు. లీకున్న చోట బుస్సుమనే చప్పుడు వస్తుంది. చల్లటి ఇంజనులో టిక్ టిక్‌మని కొట్టి, వేడెక్కాక తగ్గిపోయే చప్పుడైతే అది మేనిఫోల్డు దగ్గరిది. డబ్బా మార్చి లాభం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. క్యాబిన్ కింద లీకున్న బండిలో ఇంజను ఆన్‌లో పెట్టుకుని పడుకోవద్దు. రేవు దగ్గరో, కంపెనీ గేటు దగ్గరో లోడు కోసం ఎదురుచూస్తూ డ్రైవర్లు అలా కునుకు తీయడం మామూలే. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్న మనిషికి తెలిసే అవకాశమే లేదు. చప్పుడును కొన్నాళ్లు భరించవచ్చేమో, క్యాబిన్‌లోకి వచ్చే పొగను ఒక్క రాత్రి కూడా భరించకూడదు.

లీకు ఎక్కడో తెలిశాక, అది ఎందుకొచ్చిందో తెలియాలి. ఈ మెట్టు దాటేసిన వాళ్లే ఏటా అదే భాగం కొంటూ ఉంటారు. ఫ్లెక్సిబుల్ ముక్క చిరిగిందంటే ముందు ఇంజను మౌంటింగు రబ్బర్లు చూడాలి. అవి కుంగిపోతే ఇంజను ఊగినప్పుడల్లా ఆ జాలీనే లాగుతుంది, కొత్తది వేసినా మళ్లీ చిరుగుతుంది. పైపు మెడ దగ్గర విరిగితే వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు తెగి ఉండొచ్చు. కన్వర్టర్ మసితో మూసుకుపోతే ఇంజెక్టర్లు గానీ, టర్బోలోంచి కారే ఆయిలు గానీ కారణమై ఉంటుంది. ఆ జబ్బు కుదర్చకుండా కొత్త కన్వర్టర్ పెడితే దానికీ అదే గతి.

డబ్బా అడుగు తినేయడానికి కారణం ఉప్పు ఒక్కటే కాదు. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం నడిచే బండిలో ఆ ఆవిరి బయటికి పోతుంది. చెరువు నుంచి ప్లాంటుకి నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండిలో డబ్బా సరిగ్గా వేడెక్కదు, నీరు అడుగున నిలిచి లోపలి నుంచి తుప్పు తెస్తుంది. అందుకే చాలా సైలెన్సర్లకు అడుగున అగ్గిపుల్ల పట్టేంత చిన్న రంధ్రం కంపెనీయే వదులుతుంది. పొద్దున్నే అందులోంచి నీటి బొట్లు రాలడం చూసి, కన్నం పడిందనుకుని వెల్డింగు పెట్టించేవాళ్లున్నారు. అది నీరు పోవడానికి ఉన్న దారి. దాన్ని మూస్తే డబ్బా ఇంకా త్వరగా పోతుంది.

ఇప్పుడు కొలతలు. పాత బండికి సామాను బండి పేరు చెప్పి కొనకూడదు. బొలెరో పికప్ అన్న పేరుతో ఏళ్ల తరబడి వేర్వేరు ఇంజన్లు, వేర్వేరు బాడీ పొడవులు వచ్చాయి. 2523 సీసీ ఇంజన్లలోనే పాత పంపు డీఐ వేరు, కామన్ రైల్ (సీఆర్‌డీఐ) వేరు. డిసెంబరులో తయారై మరుసటి ఏడాది రిజిస్టర్ అయిన బండి ఆర్‌సీలో ఒక ఏడాది, సామానులో మరో ఏడాది. కాబట్టి 17 అక్షరాల చాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ రాసుకుని వెళ్లండి. కంపెనీ పార్టు నంబరు వాటినిబట్టే దొరుకుతుంది. పాత ఓనరు మధ్యలో ఏదైనా మార్చి ఉంటే ఆ నంబరు కూడా చాలదు, చేత్తో కొలవాల్సిందే.

వెర్నియర్ లేకపోతే గొట్టం చుట్టూ దారం చుట్టి, దాని పొడవును 3.14తో భాగించండి. 160 మిల్లీమీటర్ల దారం వస్తే గొట్టం బయటి కొలత 51, అంటే రెండంగుళాల పైపు. బయటి కొలతా, లోపలి కొలతా అన్నది తప్పకుండా రాయాలి. ఒక పైపు మరో పైపులోకి దూరే జాయింటు దగ్గర ఈ ఒక్క తేడాతో సామాను వాపసు తేవాల్సి వస్తుంది. ఫ్లాంజికి బోల్టు రంధ్రాలెన్ని, నడుమ నుంచి నడుమకు దూరమెంత అన్నది అవసరం. దీనికి సులువైన ఉపాయం ఉంది. విప్పిన ఫ్లాంజి ముఖానికి అట్టముక్క పెట్టి గట్టిగా నొక్కితే మసితో అచ్చు దిగుతుంది. లోపలి వలయం, రంధ్రాలు, ఒక మూల కొంచెం అరిగిన సంగతి సైతం అందులో పడతాయి. ఆ అట్ట జేబులో పెట్టుకుని వెళితే కొట్లో వాదన ఉండదు.

కొనే దగ్గర నా అభిప్రాయం స్పష్టం. డబ్బు ముందు భాగానికి పెట్టాలి, బేరం వెనక భాగానికి ఆడాలి. మేనిఫోల్డు, టర్బో గ్యాస్కెట్లు, స్టడ్లు, బెండు పైపు, ఫ్లెక్సిబుల్ ముక్క కంపెనీవే తీసుకోండి. వేడి, అదురు ఎక్కువగా తగిలేది అక్కడే, చేతులు దూరనిదీ అక్కడే. మళ్లీ విప్పితే పడే కూలీ ముందు, లోకల్ గ్యాస్కెట్ మీద మిగిల్చింది ఏ మూలకూ రాదు. డబ్బా, తోక పైపు మాత్రం మంచి లోకల్ తయారీవైనా నడుస్తాయి, రేకు మందం చూసుకుంటే చాలు. 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి 1.2. రెండు డబ్బాలు చేతుల్లోకి తీసుకుంటే బరువే తేడా చెబుతుంది.

రొయ్యల బండికి మామూలు ఇనుప పైపు కంటే అల్యూమినియం పూత ఉక్కు మేలు, స్టెయిన్‌లెస్ ఇంకా మేలు. కాకపోతే అయస్కాంతం పెట్టి స్టెయిన్‌లెస్‌ను తేల్చే అలవాటును నమ్మవద్దు. సైలెన్సర్లకు వాడే 409 రకం అసలైన స్టెయిన్‌లెస్సే, అయినా అయస్కాంతం అంటుకుంటుంది. 304కు అంటుకోదు. గేట్లకు, రెయిలింగులకు వాడే చవక 202కూ అంటుకోదు, కానీ ఉప్పు దగ్గర అది 304 అంత నిలబడదు. రకం ఏదో బిల్లు మీద రాయించుకోండి.

పైపు లావు పెంచమనీ, “ఫ్రీ ఫ్లో” పెట్టమనీ, కన్వర్టర్ గుల్ల చేయిస్తే మైలేజీ వస్తుందనీ సలహాలు వస్తాయి. కంపెనీ ఇచ్చిన కొలతే ఉంచండి. తగ్గించినా, వంపు దగ్గర నొక్కుకుపోయిన పైపు వేసినా పొగ వెనక్కి తంతుంది, టర్బో వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. గుల్ల చేసిన కన్వర్టర్‌లోంచి తీసిన దానిలో ప్లాటినం, పల్లాడియం ఉంటాయి కాబట్టి లాభం కొనుక్కునేవాడిది. పైగా పొగ పరీక్ష ఉంది. దేశమంతటా బీఎస్ 4 కాలుష్య ప్రమాణం వచ్చింది 2017 ఏప్రిల్ 1న. అలాంటి డీజిల్ బండికి పొగ పరీక్షలో హద్దు 1.62, అంతకు ముందు బండ్లకున్న 2.45 కంటే బాగా తక్కువ. చప్పుడుకూ, పొగకూ మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత పదివేల రూపాయల దాకా జరిమానా, జైలు, లైసెన్సు మీద వేటు కూడా ఉన్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిందే. అక్కడ ఈ తెలివి పనికిరాదు.

బిగింపు గురించి కొంచెం. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. విప్పేటప్పుడు ఒక్క పిసరు బిగించి, ఆ తర్వాత వెనక్కి తిప్పితే స్టడ్డు విరిగే ప్రమాదం తగ్గుతుంది. పాత గ్యాస్కెట్ మళ్లీ వాడకండి. మేనిఫోల్డు నట్లు మధ్య నుంచి రెండు పక్కలకు బిగించాలి. మిగతా లైనంతా ముందు వదులుగా వేలాడదీసి, బ్రేకు పైపుకు, డీజిల్ పైపుకు, హ్యాండ్‌బ్రేకు కేబులుకు ఎక్కడా తగలకుండా సర్దాకే ముందు నుంచి వెనక్కి బిగించుకు రావాలి. వేడిని ఆపే రేకు ఊడిపోయి ఉంటే తిరిగి పెట్టించండి. వెల్డింగు చేయాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీయించండి, సీఆర్‌డీఐ బండిలో ఈసీఎం (ఇంజను కంప్యూటర్) ఖరీదైన వస్తువు. తోక పైపు మూతి ఎడమ పక్కకు తిప్పించవద్దు. ఆ పక్కనే మనుషులు నడుస్తారు, నిబంధనలూ ఒప్పుకోవు.

పని అయ్యాక పది నిమిషాలు నడిపి, మళ్లీ తడిగుడ్డ పరీక్ష చేయండి. రెండు మూడు లోడ్లు తిరిగాక చల్లారిన బండికి నట్లన్నీ మరోసారి బిగించాలి, వేడికి సాగి సర్దుకున్న కొత్త గ్యాస్కెట్ల దగ్గర అవి కొంత వదులవుతాయి. ఉప్పు లోడు దించిన ప్రతిసారీ బాడీ లోపలే కాదు, కింద కూడా మంచినీళ్ల పైపు పట్టించండి. మాడుతున్న గొట్టం మీద మాత్రం కొట్టవద్దు, కాసేపు ఆరనిచ్చి కడగండి.