రెండు సీసాలు, రెండూ నీవే అయితేనే

వెంగళరావు నగర్,
12 మే 2024

చిరంజీవి చిన్నాకి మామయ్య దీవించి రాస్తున్నది.

రేపు పోలింగు. ఈసారి నీ ఓటు పోయినట్టే.

నీ మెసేజి నిన్న పొద్దున చూశాను. పాట షూటింగు పూర్తయింది, బుధవారం రోములో బయల్దేరుతున్నాం అన్నావు. సంతోషించాను. దాని కిందే ఇంకో ముక్క: ఆరు వైన్ సీసాలు తెస్తున్నా మామయ్యా, ఒకటి నీకు అని. సాయంత్రం కృష్ణానగర్‌లో టీ తాగుతుంటే పాత కాస్ట్యూమర్ ఒకాయన కనపడి, మీ యూనిట్‌లో కుర్రాళ్ళ పెట్టెల్లో పెద్దవాళ్ళ సీసాలు సర్దుతున్నారట కదా అన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, మనవరాలి చేత ఫోటో తీయించి పంపుతున్నా. చివరిదాకా చదువు.

తాగావా లేదా అని అడగను. ముప్పైమూడేళ్ళవాడివి. తాతయ్య సంగతీ నీకు తెలుసు, ఆ వాసనకి మీ అమ్మ ఎందుకు గదిలోంచి లేచి వెళ్ళిపోతుందో కూడా తెలుసు. దాని గురించి ఇంకేం చెప్పను.

ముందు లెక్క విను. మన కస్టమ్స్ వాళ్ళు ఒక్కో మనిషికి సుంకం లేకుండా వదిలేది 2 లీటర్లు. వైన్ సీసా 750 మిల్లీలీటర్లు. రెండైతే లీటరున్నర. మూడోది పెట్టావో లెక్క దాటినట్టే. విదేశీ వైన్ మీద సుంకం 150 శాతం, అంటే వెయ్యి రూపాయల సీసాకి పదిహేను వందలు. విమానం వాళ్ళు ఏమీ అనరు. 24 శాతానికి మించి ఆల్కహాల్ లేకపోతే వాళ్ళ నిబంధనల్లో దానికి హద్దు లేదు, వైన్‌లో ఉండేది పన్నెండో పద్నాలుగో. అక్కడ ఎవరూ ఆపలేదు కదా అని మీ కుర్రాళ్ళకి ధైర్యం వస్తుంది. రోములో ఆపనిది శంషాబాద్‌లో ఆపుతారు నాన్నా.

అయినా నా భయం డబ్బు గురించి కాదు. ఆ ఆరింట్లో నువ్వు కొన్నవి ఎన్ని?

1996లో సింగపూర్‌లో రెండు పాటలు తీసుకుని మద్రాసులో దిగాం. అప్పుడు నాది ప్రొడక్షన్‌లో అసిస్టెంటు పని. బయల్దేరే రాత్రి యూనిట్‌లో ఒక పెద్దమనిషి గుడ్డలో చుట్టిన పార్సెల్ తెచ్చి, "ఇంట్లో ఆడవాళ్ళకి షాంపూలయ్యా, నీ పెట్టె ఖాళీగానే ఉందిగా" అన్నాడు. నిజంగానే ఖాళీ. మీ అత్తయ్యకి ఒక గొడుగు, నీకొక కీ ఇచ్చే రైలు తప్ప ఏం కొన్నాను కనక? పచ్చ ఇంజను, మూడు పెట్టెలు. అది పక్కన లేకపోతే పడుకునేవాడివి కాదు. ఇంజను ఇంకా మన అటక మీద ఉంది, మొన్న దులుపుతుంటే దొరికింది.

మద్రాసులో నా పెట్టె తెరిపించారు. షాంపూలు కావు, నాలుగు విస్కీ సీసాలు. ఎవరివి అని అడిగారు. తల తిప్పి చూశాను. ఆయన గ్రీన్ ఛానెల్‌లో నడిచి వెళ్తున్నాడు. నన్ను చూశాడు. చూసి కూడా వెళ్ళిపోయాడు. నావే అన్నాను. ఇంకేం అనగలను? పెట్టె నాది, తాళం నాది, కాగితం మీద సంతకం నాది. మూడు గంటలు నిలబెట్టారు. దాచుకున్న రోజువారీ బేటా డబ్బులన్నీ జరిమానాకి పోయాయి. నాది సినిమా యూనిట్ అని తెలిశాక కెమెరా పెట్టెలు కూడా దింపించి లెన్సుల సీరియల్ నంబర్లు ఒక్కొక్కటీ జాబితాతో సరిచూశారు. మర్నాటి షూటింగు ఆగింది.

అప్పుడు మన రాష్ట్రంలో సంపూర్ణ మద్య నిషేధం. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక, 1995 జనవరి 16న అమల్లోకి వచ్చింది. మీ అమ్మమ్మ ఆ ఆడవాళ్ళతో కలిసి నడిచిన మనిషి. ఆవిడ కొడుకు విస్కీ సీసాలతో పట్టుబడ్డాడన్న కబురు నెల్లూరు చేరడానికి రెండు రోజులు పట్టలేదు. నేను వెళ్ళాను. ఆవిడ ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది. ఒక్క మాట అడిగి ఉంటే జరిగింది చెప్పేవాణ్ణి. అడగకుండానే పోయింది.

చిన్నా, ఇంకొకరి సీసా నీ పెట్టెలో పెట్టుకోవద్దు. ఎవరిదైనా సరే. కో-డైరెక్టర్ గారిదైనా, హీరోగారి మేనేజర్‌దైనా. చెక్-ఇన్‌లో "ఈ పెట్టె నువ్వే సర్దుకున్నావా" అని అడుగుతారే, అది ఊరికే అడిగే మాట కాదు. కాదంటే వచ్చే సినిమాకి పిలవరేమోనని నీకు ఉంటుంది. ఈ వీధుల్లో నలభై ఏళ్ళు ఉన్నవాణ్ణి, ఆ భయం నాకు తెలుసు. "మా మామయ్య ఒప్పుకోడు, చాదస్తం మనిషి" అని నా మీదికి తోసెయ్. నన్ను ఎన్నైనా అనుకోనీ. ఎవరి సీసాలు వాళ్ళకి ఈ రాత్రే ఇచ్చెయ్, ఎయిర్‌పోర్టుకి బయల్దేరేటప్పుడు కాదు.

నీవి రెండూ చేతిసంచిలో పెట్టకు. పెద్ద పెట్టెలో నడిమధ్యన, ఒక్కోటి ప్లాస్టిక్ కవర్లో కట్టి, జీన్సు ప్యాంట్లలో చుట్టి పెట్టు. ఎయిర్‌పోర్టు షాపులోనే కొంటే సీలు వేసిన సంచి విప్పొద్దు, బిల్లు లోపలే ఉండనీ. దారిలో దుబాయ్‌లో మళ్ళీ తనిఖీ ఉంటుంది. ఇక్కడ ఎండలు మండుతున్నాయి, కారు డిక్కీలో మరిచిపోయావంటే ఒక్క మధ్యాహ్నానికి వైన్ పాడవుతుంది. ఇంటికి రాగానే చల్లగా, చీకటిగా ఉండేచోట పడుకోబెట్టు. ఎవరైనా డబ్బిస్తాను అమ్మమంటే అమ్మకు, అది ఇంకో నేరం. పొరపాటున మూడోది ఉండిపోతే రెడ్ ఛానెల్‌లోకి నువ్వే వెళ్ళి చెప్పి, సుంకం కట్టు. డబ్బు తక్కువైతే బయట నేనుంటాను.

నాకు సీసా వద్దు. ఆ పాట తీసినచోట నువ్వు క్లాప్ బోర్డు పట్టుకున్న ఫోటో ఒకటి కావాలి. వెనక తేదీ రాయి. మీ అమ్మకి చూపించాలి.

బాగా తిను, నీళ్ళు తాగు. విమానం ఎన్నింటికి దిగినా అరైవల్స్ బయటే ఉంటాను. నీ పెట్టెలో రెండే సీసాలుండాలి. రెండూ నువ్వు కొన్నవే అయ్యుండాలి.

ఇట్లు,
మామయ్య